ఎండాడ ఇంటి తోటలో తుంగ, వెడీలియా, వయ్యారిభామ: ఏడాది పైగా నడిచిన ఒక కేస్

ఈ కేస్ విశాఖ ఎండాడలో కొండ వాలు మొదలయ్యే చోట ఉన్న ఒక ఇండిపెండెంట్ ఇంటిది. స్థలం 400 గజాలు, ఇల్లు పోను తోటకి సగానికి కొంచెం తక్కువ మిగిలింది. ముందు లాన్, ప్రహరీ పొడుగునా పూలమొక్కలు, వెనక పెరట్లో నాలుగు కూరగాయల మళ్ళు, ఒక మామిడి, ఒక జామ, రెండు కొబ్బరి చెట్లు. పడమర పక్క ఖాళీ ప్లాట్, దాని ఓనర్ హైదరాబాద్‌లో ఉంటాడు, ఇటు తొంగి కూడా చూడడు. ఇంట్లో ఉండేది పెద్దవాళ్ళిద్దరే, సార్ స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, తోట మీద ఇష్టం మేడమ్‌గారిది, ఖర్చు మాత్రం సార్ చేతిలో. ఈ ముక్క ముందే ఎందుకు చెప్తున్నానంటే కలుపు పని ఒక్కరోజుతో అయ్యేది కాదు, డబ్బులిచ్చేది ఎవరు ఓపిక పట్టేది ఎవరు అని మొదట్లోనే తేల్చుకోకపోతే నాలుగో నెలలో పని ఆగిపోద్ది.

సార్ ఫోన్‌లో అడిగింది ఒకటే. "బాబూ, లాన్‌లో గడ్డి కన్నా తుంగే ఎక్కువుంది, ఏదైనా గట్టి మందు చెప్పు, కొట్టించేస్తాను." మందు పేరు చెప్పడానికి నాకు రెండు నిమిషాలు చాలు గానీ తోట చూడకుండా మందు చెప్పేవాడి మాట అసలు వినొద్దని నేనే అందరికీ చెప్తుంటాను, కాబట్టి వచ్చి చూస్తానన్నాను.

వెళ్ళాక మొదట లాన్ చూడలేదు, ఇప్పటిదాకా ఏమేం చేశారో అడిగాను. మామూలు కథే. ముందు ఉన్న తోటమాలి పారతో చెక్కాడు, నెల తిరక్కుండా రెండింతలైంది. తర్వాత ఎవరో చెప్పారని చిన్న పవర్ టిల్లర్ తెప్పించి కూరగాయల మళ్ళు మొత్తం తిప్పించేశారు, దాంతో మడికి ఒక మూల ఉన్న తుంగ మడి అంతా పాకింది. ఆ తర్వాత ఒక షాపులో లేబుల్ లేని సీసాలో పోసిచ్చిన మందు తెచ్చి లాన్ మీద కొట్టారు, మూడు వారాలు తుంగ పసుపురంగుకి తిరిగింది, మళ్ళీ లేచింది. ఈలోపు ప్రహరీ దగ్గరున్న మందారాల చిగుళ్ళు మెలికలు తిరిగి, కొత్తాకులు సన్నగా రిబ్బన్‌లాగా వచ్చాయి. మేడమ్‌గారు అది వైరస్ అనుకుని వేపనూనె కొడుతున్నారు. నేను చూడగానే టూ ఫోర్ డీ అనే కలుపుమందు అనిపించింది, వెడల్పాకు మొక్కల మీద దాని ఆవిరి తగిలినా ఆకు అలాగే మెలితిరుగుద్ది, టమాటా, మందారం, పత్తి మరీ తొందరగా చూపిస్తాయి. తుంగకి మాత్రం దాంతో పై ఆకు మాడడమే తప్ప కింద గడ్డకి ఏమీ అవదు. సీసా మీద పేరు లేదు కాబట్టి ఖాయంగా అదేనని చెప్పలేను, లక్షణాలు మాత్రం అవే. లేబుల్ లేని మందు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దండీ, రేపు పిల్లలెవరైనా తాగితే డాక్టర్‌కి ఏం చెప్తారు? పారాక్వాట్ లాంటి కలుపుమందుకైతే విరుగుడు మందే లేదు.

తర్వాత లాన్‌లోకి దిగాం. తుంగని చాలామంది గడ్డి అనుకుంటారు, గడ్డి కాదు. కాడ వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పితే మూడు పలకలు తగులుతాయి, గడ్డికి గుండ్రంగా గానీ చదునుగా గానీ ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే డబ్బు దండగ, ఎందుకంటే గడ్డిజాతిని చంపే సెలెక్టివ్ మందులు తుంగని ఏమీ చెయ్యవు. గునపంతో అడుగు లోతున ఒక పెళ్ళ లేపి, మట్టి మెల్లగా దులిపి సార్‌కి చూపించాను. నల్లటి గడ్డలు, ఒకదాని నుంచి ఒకదానికి సన్నటి వేరు, దండలాగా. ఆ దండలో చివర ఉన్న గడ్డ మొలిచి ఆకులేస్తే మిగతా గడ్డలు చాలావరకు నిద్రలో ఉంటాయి. పారతో చెక్కినా, టిల్లర్‌తో తిప్పినా దండ తెగుద్ది, తెగిన ప్రతి గడ్డా సొంతంగా మొలుస్తుంది. టిల్లర్ తిప్పాక రెండింతలు ఎందుకైందో సార్‌కి అప్పుడు అర్థమైంది. ఎక్కువ గడ్డలు పై ఆరంగుళాల్లోనే ఉంటాయి, కొన్ని ఇంకా కిందకి పోతాయి. 90కి పైగా దేశాల్లో పంటల్ని ఏడిపిస్తున్న మొక్క ఇది, ప్రపంచంలోకెల్లా మొండి కలుపు అని దీనికి పేరు, కాబట్టి సార్ తోటలో ఒక్క సీసాతో పోతుందనుకోవడం అన్యాయం.

నాతో వచ్చిన పెద్దావిడ, విజయనగరం వైపు మనిషి, కలుపు తీయడంలో నాకన్నా ఎక్కువ అనుభవం ఉన్నామె, గడ్డలు చూసి ఒకటే మాటంది. "ఇది మట్టితోటే వచ్చీసింది బాబూ, మట్టి ఎక్కడి నుంచి తెచ్చినారో అడుగు."

అడిగితే బయటపడింది. ఇంటికి పాత మామిడి చెట్టొకటి ఉండేదట, ముందు భాగం అంతా దాని నీడే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి అది కూలిపోయింది. విశాఖలో ఆ ఏడాది నీడ పోయిన తోటలు ఎన్నో, నీడ ఉన్నన్నాళ్ళూ తల ఎత్తని కలుపు మొక్కలు ఎండ తగలగానే లేచాయి, తుంగకైతే నీడంటే అస్సలు పడదు, ఎండ ఎంతుంటే అంత బలం. చెట్టు పోయిన చోట గుంట పూడ్చడానికి ట్రాక్టర్‌తో ఎర్రమట్టి తోలించారు. దాని మీద కడియం నర్సరీల నుంచి వచ్చిన కార్పెట్ లాన్ పరిచారు. పూలకుండీలు కూడా ఎక్కువ కడియం వ్యాన్లలో వచ్చినవే. ట్రాక్టర్ మట్టి, లాన్ ముక్కలు, నర్సరీ కవర్లలో మట్టి, ఈ మూడింట్లో ఏ ఒక్కటున్నా తుంగ వస్తుంది, ఇక్కడ మూడూ ఉన్నాయి. నేను నర్సరీ వాళ్ళని తిట్టడం లేదు, వేల మొక్కలు పెంచేచోట తుంగ లేకుండా ఉండడం కష్టమే, కానీ కొనేవాళ్ళు కవరు చింపి నేరుగా నేలలో పాతేస్తారు, అక్కడే వస్తుంది చిక్కు. గాలికి ఎగిరొచ్చింది అనుకునే తుంగలో చాలావరకు మనం డబ్బులిచ్చి తెచ్చుకున్నదే, ఇది విత్తనంతో మొలవడం చాలా అరుదు, గడ్డ రావాల్సిందే.

లాన్ అయ్యాక మిగతా తోట తిరిగాం. మామిడి కింద, మురుగు నీళ్ళు పోయే కాలవ పొడుగునా పసుపు పూల వెడీలియా చాపలా పరుచుకుంది. ప్రహరీ కింద ఉత్తరేణి, పులిచింత, నేల ఉసిరి, నానబాలు, ఇవి మామూలువే, చేత్తో లాగితే వస్తాయి, వీటి మీద నేనెప్పుడూ ఎక్కువ టైమ్ పెట్టను. పిట్టలు వేసిన లంటానా మొలకలు ఐదారు, కొండ మీద నుంచి వచ్చిన సుబాబుల్ మొలకలు కొన్ని. సుబాబుల్ పెన్సిల్ లావున ఉన్నప్పుడే వేరుతో పీకేయాలి, బొటనవేలంత అయ్యాక నరికితే మొదట్లోంచి పది కొమ్మలు లేస్తాయి. ఇక ఖాళీ ప్లాట్‌లో నడుమెత్తు వయ్యారిభామ, పూతతో తెల్లగా ఉంది, గోడ ఇవతల కూడా మొలకలు దిగాయి. సార్ ముంజేతుల మీద ఎర్రటి దద్దుర్లున్నాయి, అడిగితే ఎలర్జీ అన్నారు, ఎప్పటి నుంచి అంటే ఆ మొక్కలు చేత్తో పీకినప్పటి నుంచి అని మేడమ్‌గారు చెప్పారు. సార్‌ని ముందు స్కిన్ డాక్టర్ దగ్గరకి వెళ్ళమన్నాను, ఆ మొక్క తాకిన విషయం డాక్టర్‌తో చెప్పమన్నాను.

మందు సంగతి

సార్ మళ్ళీ మందు దగ్గరికే వచ్చారు. ఉన్నదున్నట్టు చెప్పాను. గ్లైఫోసేట్ అనే కలుపుమందు ఆకు మీద పడితే అతుక్కుని ఉన్న గడ్డ దాకా దిగుద్ది, నిజమే, కానీ నిద్రలో ఉన్న గడ్డలకి అందదు, పైగా అది పచ్చగా ఉన్న ప్రతిదాన్నీ చంపుద్ది, తుంగతోపాటు లాన్ కూడా పోతుంది. 2022 అక్టోబర్‌లో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరేవాళ్ళు వాడకూడదని నోటిఫికేషన్ కూడా ఇచ్చింది, పక్కింటోడు డ్రమ్ములో కలిపి కొట్టే వ్యవహారం కాదు. హాలోసల్ఫ్యూరాన్ అని తుంగ మీద బాగా పనిచేసే మందు ఉంది, చెరకు లాంటి పంటల్లో వాడతారు, కానీ పక్క మడిలో ఆకుకూరలు, గోడవారన పూలమొక్కలు ఉన్న ఇంటి తోటలో లేబుల్‌లో లేని పని చేయడం నాకిష్టం లేదు. మందులే తప్పని వాదించేవాడిని కాదు నేను, పదెకరాల చెరకు తోటైతే నేనే కొట్టమంటాను. ఈ తోటకి అక్కర్లేదు, అంతే.

మరేం చేద్దామంటే, తుంగ గడ్డలో ఉన్న నిల్వని ఖర్చు పెట్టించాలి. గడ్డ మొలిచి ఆకులేసేటప్పుడు తన దగ్గరున్న పిండి వాడుకుంటుంది, ఐదారు ఆకులొచ్చేదాకా అది అప్పులోనే ఉంటుంది, ఆ తర్వాత ఆకులు సంపాదించి కిందకి పంపి కొత్త గడ్డలు వేయడం మొదలెడతాయి. ఐదో ఆకు రాకముందే పీకేస్తే పాత నిల్వ తరిగింది, కొత్తది చేరలేదు. ఒక్కసారి పీకితే చావదు, ముదురు గడ్డ చాలాసార్లు మళ్ళీ మొలవగలదు, కానీ ప్రతిసారీ బక్కగా వస్తుంది. రెండు మూడు వారాలకోసారి విడవకుండా పీకాలి, వానాకాలంలో వారానికోసారి. ఇది విని సార్ ముఖం మాడిపోయింది. మేడమ్‌గారు మాత్రం "నాకు పొద్దున్నే పనేముంది, నేను చూసుకుంటాను" అన్నారు. నాకు కావాల్సిన మాట అదే.

కూరగాయల మళ్ళు

పని ఫిబ్రవరిలో మొదలైంది. మళ్ళలో తుంగ మరీ దట్టంగా ఉంది, ఒక అడుగు చదరం చెక్క ఫ్రేమ్ పడేసి లెక్కిస్తే మొలకలు 30 దాటాయి. ఇంత ఉన్నచోట పీకడం మీద ఆధారపడితే మేడమ్‌గారి నడుం పోతుంది. కాబట్టి పెద్ద పని ఒక్కసారి చేశాం. మట్టి పొడిగా ఉన్నప్పుడు అడుగు లోతు తవ్వి, మేస్త్రీలు ఇసుక జల్లించే ఇనప జల్లెడ నిలబెట్టి మట్టి మొత్తం జల్లించాం. నాలుగు మళ్ళకి ఇద్దరు మనుషులు చాలా రోజులే పట్టారు, ఈ కేస్ మొత్తంలో కూలి ఎక్కువైంది ఇక్కడే. జల్లెడలో మిగిలిన గడ్డలు గోనె సంచుల్లో నింపి మేడ మీద పల్చగా ఆరబోశాం, తుంగగడ్డ తడిగా ఉన్నంతకాలం చావదు కానీ బాగా ఎండిందంటే పోతుంది. మా పెద్దావిడ అందులోంచి గుప్పెడు ఏరుకుంది, ఆయుర్వేదం షాపులో తుంగముస్తలని అమ్మేది ఇవే కదా, కడిగి ఎండబెట్టి సున్నిపిండిలో కొట్టుకుంటానంది. మళ్ళలో మందు పడలేదు కాబట్టి సరే అన్నాను, లాన్‌లోవి మాత్రం ముట్టుకోవద్దన్నాను.

జల్లించిన మట్టిలో కూడా చిన్న గడ్డలు మిగులుతాయి, అందుకని వెంటనే వంగ, బెండ పెట్టనివ్వలేదు. ఏప్రిల్, మే రెండు నెలలు మళ్ళు తడిపి పైన పల్చటి ట్రాన్స్‌పరెంట్ పాలిథిన్ కప్పి, అంచులు మట్టితో మూసేశాం. నల్లది కాదు, ఎండ లోపలికి పోవాలంటే ట్రాన్స్‌పరెంట్‌దే కావాలి. నాలుగు నుంచి ఆరు వారాలు ఇలా ఉంచితే పైపొరలో ఉన్న తోటకూర, గడ్డి, వయ్యారిభామ విత్తనాలు చాలావరకు ఉడికిపోతాయి. లోతులో ఉన్న తుంగగడ్డకి ఇది చాలదు, పైన ఉన్నవాటిని కొంత దెబ్బ తీస్తుంది. మన విశాఖలో సముద్రం పక్కన ఎండ లోపలి ఊళ్ళంత ఉండదు, రామగుండం, రెంటచింతల వాళ్ళకొచ్చే ఫలితం మనకి రాదు, అందుకే నేను ఒక నెలకి సరిపెట్టకుండా వానలు పడేదాకా ఉంచుతాను.

జూన్‌లో మొదటి వాన పడ్డాక షీట్ తీసి జనుము ఒత్తుగా చల్లాం, చాలా ఒత్తుగా, చేనులో చల్లేదానికి రెండింతలు. నెల తిరిగేసరికి నడుమెత్తు లేచి కింద నేల కనపడకుండా నీడ కమ్మింది. పూత మొదలవుతుండగా కోసి, దున్నకుండా అక్కడే పరిచేశాం. దున్నితే మళ్ళీ గడ్డల్ని కదిలించినట్టే. దాని మీద రెండు మళ్ళలో చిలగడదుంప తీగ పెట్టాం, ఒకదాంట్లో బొబ్బర్లు, ఒకటి మేడమ్‌గారు పట్టుబట్టి వంగ పెట్టారు. వంగ మడిలో తుంగ పీకాల్సి వచ్చినంత మిగతా మూడింట్లో రాలేదు, ఎందుకంటే వంగ కింద ఎండ పడుతుంది. చిలగడదుంప తీగ సెప్టెంబర్‌కి మడి పూర్తిగా కప్పేసింది, ఆకులెత్తి చూస్తే తుంగ దారంలాగా సన్నగా, పాలిపోయి ఉంది. వంగ మడికి తర్వాత సరుగుడు ఆకు ఒక జానెడు మందాన పరిచాం, బీచ్ వైపు సరుగుడు తోటల్లో రాలి ఉంటుంది, నేలని ఇలా కప్పే మల్చింగ్‌కి దాన్ని మించింది నాకు దొరకలేదు, వరిగడ్డిలో ఉన్నట్టు గింజలు ఉండవు. సన్నటి నల్ల షీట్ పరుద్దామని సార్ అన్నారు గానీ తుంగ మొన సూదిలా ఉంటుంది, పల్చటి షీట్‌ని పొడుచుకుని పైకొచ్చేస్తుంది.

లాన్

లాన్ మొత్తం లేపేసి కొత్తది పరుద్దామన్నది సార్ ప్లాన్. కొత్తది కూడా అలాంటి చోటి నుంచే రావాలి కాబట్టి వద్దన్నాను. గేటు పక్క బాగా పాడైన భాగం లాన్ నుంచి తీసేశాం, అక్కడ కలుపు లేవకుండా పరిచే మందపాటి నేసిన వీడ్ మ్యాట్ వేసి, కంకర, నడిచే రాళ్ళు. మిగతా లాన్‌లో అసలు సమస్య నీళ్ళే అని నా అభిప్రాయం. రోజూ పొద్దున్న పావుగంట పైపు పట్టుకుని పైపైన తడిపేవారు, వారానికోసారి మెషీన్‌తో నేలకంటా గీసేవారు. పైపొర ఎప్పుడూ తడిగా, ఎండ నేరుగా నేల మీద పడేలా, తుంగకి ఇంతకన్నా ఏం కావాలి? వారానికి రెండుసార్లు లోతుగా తడపమన్నాం, కటింగ్ ఎత్తు రెండంగుళాలకి పెంచాం. గడ్డి ఒత్తయ్యాక తుంగ మొలక దానంతటది తగ్గలేదు గానీ కొత్తగా పాకడం ఆగింది. గడ్డి కోసే అతను ఇంటింటికీ అదే మెషీన్ తీసుకెళ్తాడు, గేటు దగ్గరే బ్లేడు, చక్రాలు కడిగి లోపలికి రమ్మని చెప్పించాం. మొదట్లో విసుక్కున్నాడు, ఇప్పుడు అడక్కుండానే కడుగుతున్నాడు.

పీకే పని మేడమ్‌గారిది. గడ్డతో సహా రావాలని ఆవిడ కంగారు పడేవారు, తెగి వచ్చినా ఫర్వాలేదండీ, లోపల గడ్డ ఖర్చయితే చాలు, లోతుగా తవ్వకండి అని పదేపదే చెప్పాల్సి వచ్చింది. అక్టోబర్‌లో వరసగా వానలు పడ్డప్పుడు రెండు వారాలు తోటలోకి దిగలేకపోయారు, ఆ రెండు వారాల్లో ఆకులు ఎనిమిది దాకా వచ్చాయి, పూత కూడా వేసింది. అక్టోబర్ మన దగ్గర బాగా వానలు పడే నెల, తుఫాన్ల సీజన్ కూడా, ఈ పని ప్లాన్ చేసుకునేవాళ్ళు ఆ నెలకి మనిషిని ముందే మాట్లాడుకోవాలి.

వెడీలియా గొడవ

తుంగ తీయడానికి ఎవరూ అడ్డం చెప్పలేదు. వెడీలియా దగ్గర మాత్రం మేడమ్‌గారు ఒప్పుకోలేదు. చుట్టాల అపార్ట్‌మెంట్ నుంచి రెండు కొమ్మలు తెచ్చి ఆవిడే నాటారు, నీళ్ళు అడగదు, ఏడాదంతా పూస్తుంది, గోడ పునాది కనపడకుండా కప్పుతుంది, తేనెటీగలొస్తాయి. "అంత అందమైనదాన్ని కలుపు అంటారేంటండీ?" అన్నారు. నర్సరీల్లో ఇప్పటికీ గ్రౌండ్ కవర్ అని అమ్ముతున్నారు కూడా, ఆవిడ తప్పేం లేదు. మధ్య అమెరికా, కరీబియన్ వైపు మొక్క ఇది, ప్రపంచంలోని 100 దారుణమైన ఆక్రమణ జాతుల జాబితాలో లంటానా, సుబాబుల్ పక్కనే ఇదీ ఉంది. కణుపు నేలకి తగిలిన ప్రతిచోటా వేరు దిగుద్ది, ముక్క తెగి పడినా మొక్కే. ఈ మాటలకి ఆవిడ కరగలేదు. అప్పుడు మామిడి కింద ఒక అంచు ఎత్తి చూపించాను, మూడేళ్ళ క్రితం ఆవిడ నాటిన కనకాంబరాలు దాని కింద ఎండిన పుల్లలై ఉన్నాయి. ఇంకోవైపు తీగ కాలవ కన్నంలోంచి ఖాళీ ప్లాట్‌లోకి దిగిపోయింది. సార్ అందుకుని "కొండ పక్కన ఇల్లు, అంత గుబురులో పాముంటే ఎవరికి తెలుస్తుంది" అన్నారు. ఆ మాట పనిచేసింది, నా మాట కాదు.

తీసే పద్ధతి ఇది. ముందురోజు సాయంత్రం నేల బాగా తడిపాం, మర్నాడు పొద్దున్న ఒక చివర నుంచి చాప చుట్టినట్టు చుట్టుకుంటూ, కణుపుల దగ్గర వేళ్ళు బొరిగెతో లేపుకుంటూ వెళ్ళాం. వానాకాలంలో ఈ పని చేయకూడదు, పడ్డ ముక్కలన్నీ బతుకుతాయి, మార్చి ఎండలో అయితే సిమెంట్ గచ్చు మీద పడేస్తే రెండు మూడు రోజుల్లో వాడిపోతాయి. వాడాక నల్ల పాలిథిన్ సంచుల్లో కట్టి ఎండలో ఉంచాం, పూర్తిగా కుళ్ళాకే బయటికి పంపాం. కంపోస్ట్ గుంటలో వేయొద్దు. కొండ వైపు విసిరేయడం మాత్రం అస్సలు వద్దు, ఎండాడ, మధురవాడ వైపు చాలా ఇళ్ళవాళ్ళు తోట చెత్త తీసుకెళ్ళి కొండ మొదట్లో పోసేస్తారు, ఆ వెనకాలే సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం ఉంది, అందులో లంటానా గొడవ ఇప్పటికే చాలు, మన వెడీలియా కూడా అక్కడికి చేర్చక్కర్లేదు.

ఖాళీ అయిన నేలని ఖాళీగా వదిలితే వారంలో వేరేది వస్తుంది. కాబట్టి తీసిన వారానికే నాటేశాం. మామిడి నీడలో కనకాంబరాలు ఒత్తుగా, కుళాయి దగ్గర తేమ ఉన్నచోట సరస్వతాకు, ఎండ తగిలే గోడవారన డిసెంబరాలు, కాలవ వాలు మీద నిమ్మగడ్డి, మట్టి జారకుండా అది పట్టుకుంటుంది. పునాది కనపడుతోందని కొన్నాళ్ళు మేడమ్‌గారు బాధపడ్డారు, నవంబర్‌కి డిసెంబరాలు ఊదాగా పూశాక ఆ మాట రాలేదు. వెడీలియా మొలకలు జూన్, జూలైల్లో కాలవ రాళ్ళ సందుల్లోంచి వస్తూనే ఉన్నాయి, ఆ సందులు సిమెంట్‌తో పూడ్పించాం.

పీకేటప్పుడు అన్నీ పీకెయ్యలేదండోయ్. పావిలికూర, అటికమామిడి కనపడితే మా పెద్దావిడ కొంగున కట్టుకుంటుంది, అటికమామిడి పులుసు కూర మేడమ్‌గారింట్లో కూడా ఆరోజు అదే. వినాయక చవితి పత్రికి గరిక, ఉత్తరేణి కావాలని ఆవిడ అంటే రెండూ కుండీల్లో పెట్టించాం. ఉత్తరేణి గింజ బట్టలకి అంటుకుని ఊరంతా తిరుగుద్ది, కాబట్టి చవితి అయ్యాక గింజ కట్టకముందే కత్తిరించేయాలి అన్నది షరతు.

ఖాళీ ప్లాట్

వయ్యారిభామ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిన మొక్కే, 1950లలో పుణె దగ్గర గుర్తించారు, అమెరికా గోధుమలతో వచ్చిందంటారు, కాంగ్రెస్ గడ్డి అన్న పేరు కూడా ఉంది. ఒక్క మొక్క 15 నుంచి 25 వేల గింజలు వేస్తుంది, మొలిచిన నెల, నెలన్నరకే పూతకొస్తుంది. పూత వచ్చాక పీకడమంటే గింజలు చల్లడమే. ప్లాట్ ఓనర్‌కి మేడమ్‌గారు ఫోన్ చేసి అనుమతి తీసుకున్నారు, ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు, ఖర్చు మాత్రం ఇవ్వలేదు. జూన్ వానల తర్వాత మొలకలు జానెడు ఉండగా మా వాళ్ళు గ్లవ్స్, ఫుల్ చేతుల చొక్కా, మాస్క్ వేసుకుని పీకారు, ఎలర్జీ ఉన్న సార్‌ని ఆ దరిదాపులకి రానివ్వలేదు. లీటర్ నీళ్ళకి 200 గ్రాముల దాకా ఉప్పు కలిపి కొట్టే పద్ధతి బంజరు భూముల్లో పనికొస్తుంది, సార్ కూడా అడిగారు, కానీ ఆ ప్లాట్ వాలు మన తోట వైపు ఉంది, వానకి ఆ ఉప్పు మొత్తం మామిడి వేళ్ళకే వస్తుంది. వద్దన్నాను. మెక్సికన్ పెంకు పురుగులు ఆకుల్ని జల్లెడలా తింటూ కొన్నిచోట్ల కనపడ్డాయి, ఈ కలుపుని తినడానికే 1984లో బెంగళూరులో వదిలిన జాతి అది, అవి ఉన్న మొక్కల్ని కొన్నాళ్ళు వదిలేశాం, పూత రాబోతుండగా పీకేశాం. పీకిన చోట తగిరిస గింజలు చల్లించాను, అది ఒత్తుగా లేచి వయ్యారిభామని లేవనివ్వదు. రెండో విడత మొలకలు సెప్టెంబర్‌లో వచ్చాయి గానీ మొదటి దాంట్లో పావు వంతు కూడా లేవు. నేలలో ఉన్న పాత గింజలు ఇంకా కొన్నేళ్ళు మొలుస్తూనే ఉంటాయి.

ఇప్పుడెలా ఉంది

ఏడాది దాటాక అదే ఫ్రేమ్ పడేసి చూస్తే చిలగడదుంప మళ్ళలో అడుగు చదరానికి ఒకటి రెండు మొలకలు, వంగ మడిలో నాలుగైదు. లాన్‌లో 20 ఉన్నచోట ఆరేడు. పూర్తిగా పోయిందని చెప్పను, ప్రహరీ పునాది కింద ఉన్న గడ్డల్ని ఎవరూ తీయలేరు, అక్కడి నుంచి ఏటా వస్తాయి. సార్ పెట్టిన ఖర్చులో మూడొంతులు కూలీ, మిగతాది జల్లెడ అద్దె, షీట్, వీడ్ మ్యాట్, జనుము గింజలు, మొక్కలు. మొదటి ఏడాది ఇది మందు కొట్టించడం కన్నా చాలా ఎక్కువే, సార్ ఆ మాట ఇప్పటికీ అంటారు, నేను కాదనను. రెండో ఏడాదికి మా మనిషి నెలకోసారి వస్తే సరిపోతోంది. మందారాలు కత్తిరించాక మంచి చిగురేశాయి.

కొత్త మొక్క కొంటే నేరుగా పాతడం మానేశారు. గేటు పక్కన సిమెంట్ గచ్చు మీద నెలరోజులు ఉంచుతారు, కుండీలో తుంగ మొలిస్తే మట్టి మొత్తం కడిగేసి వేళ్ళతో కొత్త మట్టిలోకి మారుస్తారు, ఆ మట్టి మేడ మీద ఎండుద్ది. పశువుల పెంట కూడా పచ్చిది తీసుకోవడం లేదు, బాగా మాగి వేడెక్కి చల్లారినదే.

ఇక ముందున్న పని పక్క ప్లాట్‌దే. అది అమ్ముడైంది, కొత్త ఓనర్ ఈ వేసవిలో పునాది తీస్తాడట, జేసీబీ వస్తుంది, ఎర్రమట్టి లారీలు వస్తాయి. ఆ మట్టి మన గోడకి ఆనించి పోయొద్దని, తప్పకపోతే కింద టార్పాలిన్ వేయమని సార్ మాట్లాడారు. కాలవ కన్నానికి ఇనప జాలీ బిగించాం. తగిరిస ఎటూ జేసీబీ కింద పోతుంది, కాబట్టి జూన్ మొదటి వాన పడ్డ రెండో వారంలో గోడ పొడుగునా మూడడుగుల పట్టీ మా పెద్దావిడ ఒకసారి చూసి పీకుతుంది, ఆ కూలీ సగం కొత్త ఓనర్ ఇస్తానని ఒప్పుకున్నాడు.